వేసవిలో ఒక రోజంతా నేరోబోట్ మీద: లాంగోలెన్ కాలువ ప్రయాణం, మీ అనుభవాలు

శ్రీలత_చెస్టర్ | శనివారం, రాత్రి 9:20

యూకేలో ఉన్న మనవాళ్ళం వేసవి వచ్చిందంటే లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లండ్ అంటూ కారేసుకుని తిరుగుతాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఇంకా ఎక్కువ. రెండు వారాల్లో దేశమంతా చూపించెయ్యాలన్న తొందర. ఈసారి మేము కావాలనే ఒక రోజు అలా కాకుండా గడిపాం. వేల్స్‌లో ట్రెవర్ అనే ఊరి దగ్గర పగటికి అద్దెకిచ్చే నేరోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి, పొడుగాటి బోటు) తీసుకుని లాంగోలెన్ కాలువలో చిర్క్ వైపు వెళ్ళి వచ్చాం. మొత్తం దూరం కారులో అయితే పావుగంట కూడా పట్టదు. మాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. అమ్మానాన్నల ట్రిప్పు మొత్తంలో వాళ్ళకి బాగా నచ్చిన రోజు అదే, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పొద్దున్నే బోటువాళ్ళు ఒక అరగంట కూర్చోబెట్టి అన్నీ చెప్పారు. ఇంజన్ ఎలా స్టార్ట్ చేయాలి, ఎలా ఆపాలి, ఎదురుగా బోటు వస్తే ఏ పక్కకి జరగాలి, ఎక్కడ కట్టుకోవచ్చు, ఎక్కడ తిప్పుకోవచ్చు. తర్వాత తాడు విప్పి చేతికిచ్చేశారు. బయలుదేరిన కొద్ది నిమిషాల్లోనే పాంట్‌కసల్తే అక్విడక్టు. డీ నది లోయ మీదుగా కాలువనే దాటించేశారు. 307 మీటర్ల పొడవు, నది మీద 38 మీటర్ల ఎత్తు. ఒక పక్క నడిచే బాట, దానికి రెయిలింగ్ ఉంటుంది. రెండో పక్క ఏమీ ఉండదు. ఇనుప తొట్టి అంచు నీటి మీద కొద్దిగా కనిపిస్తుంది, ఆ అవతల గాలి, కింద చెట్ల తలలు. బోటులో నుంచి చూస్తే ఆ అంచు కూడా కనబడదు.

అమ్మ లోపల కూర్చుని "నేను బయటికి రాను, దాటాక చెప్పండి" అంది. సగం దూరం వెళ్ళేసరికి తనే ముందు భాగంలోకి వచ్చి కూర్చుంది. బోటు అంత నెమ్మదిగా, అంత నిలకడగా వెళ్తుంటే భయం ఎంతసేపని ఉంటుంది?

అది దాటాక ఫ్రాన్ ఊరి దగ్గర పైకి లేపే చిన్న వంతెన. మావారు దిగి హ్యాండిల్ తిప్పి దాన్ని లేపారు, మేం కింద నుంచి వెళ్ళాక మళ్ళీ దించారు. ఆపైన అంతా చెట్ల నీడ. ఒక చోట కొంగ గట్టు మీద నిలబడి ఉంది, మేము పక్కనుంచి వెళ్ళినా కదల్లేదు. నాన్న దాన్ని చూస్తూ కూర్చున్నారు. మేము గట్టు మీద కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయనతో సమానంగా వెళ్తున్నాం, ఆయనా మేమూ చాలాసేపు మాట్లాడుకున్నాం కూడా. చివరికి ఆయనే మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు.

చిర్క్ సొరంగం ముందే కట్టేసి అన్నాలు తిన్నాం. తర్వాత నాన్న, నేను సొరంగంలో ఉన్న బాట వెంట నడిచి అవతలున్న చిర్క్ అక్విడక్టు చూసి వచ్చాం. దాని పక్కనే ఇంకొంచెం ఎత్తులో రైలు వంతెన. అమ్మ ఈలోగా బోటులో నిద్రపోయింది.

ఇంకా ముందుకి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. వెళ్ళాలనిపించలేదు. ఎవరైనా వెళ్ళాలనుకుంటే నేను చెప్పేది ఒకటే: దూరం ఎంత అని లెక్క పెట్టుకోకండి.

ఇలా వెళ్ళినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? వేరే కాలువలు ఏవి బాగుంటాయి?

---

బాపట్ల_రవి | శనివారం, రాత్రి 10:05

శ్రీలత గారూ, చదువుతుంటేనే బాగుంది. మేము రెడింగ్‌లో ఉంటాం. ఆగస్టులో మా అత్తమామలు వస్తున్నారు. పిల్లలు ఆరేళ్ళు, తొమ్మిదేళ్ళు. నాకు కొన్ని సందేహాలు. లైసెన్స్ అక్కర్లేదా? ఎప్పుడూ బోటు నడపనివాడికి నిజంగా అలా ఇచ్చేస్తారా? పిల్లలు నీళ్ళలో పడితే? మామగారికి మోకాళ్ళ నొప్పులు, ఎక్కడం దిగడం కష్టమా?

---

శ్రీలత_చెస్టర్ | శనివారం, రాత్రి 10:30

రవి గారూ, లైసెన్స్ అక్కర్లేదు. వాళ్ళు నేర్పిందే సరిపోతుంది. లైఫ్ జాకెట్లు ఇస్తారు, పిల్లలకి రోజంతా వేసే ఉంచండి. కాలువ చాలా చోట్ల పెద్దవాళ్ళకి నడుము దాటదు. అయినా సొరంగాల్లో, వంతెనల కింద చేతులు కాళ్ళు బయట పెట్టనివ్వకండి, ఇది మాత్రం గట్టిగా చెప్పండి. బోటు బరువు టన్నుల్లో ఉంటుంది. రాతి గోడకీ బోటుకీ మధ్య వేలు పడినా ప్రమాదమే.

మోకాళ్ళ సంగతి: లోపలికి రెండు మూడు మెట్లు దిగాలి. మా అమ్మకీ అదే ఇబ్బంది. ఒకసారి కూర్చుంటే మళ్ళీ భోజనానికి కట్టేసే దాకా లేచే పని లేదు కాబట్టి సరిపోయింది. బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి మెట్లు ఎంత ఎత్తో అడగండి.

---

బర్మింగ్‌హామ్_బాబ్జీ | ఆదివారం, ఉదయం 8:15

మంచి టాపిక్. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆఫీసు స్నేహితులతో ఎక్కాను, అప్పటి నుంచి ఏటా వెళ్తూనే ఉన్నాను. రవి గారి కోసం నడపడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మొదటి గంట టెన్షన్ అంతా అక్కడే.

వెనక నిలబడి చుక్కాని కర్ర పట్టుకుంటాం. దాన్ని కుడికి తోస్తే ముక్కు ఎడమకి తిరుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే, అయినా కంగారులో చెయ్యి ఉల్టా పోతుంది. తెలియనిది ఇంకొకటి: బోటు కారులాగా ముందు చక్రాలతో తిరగదు, తన మధ్య భాగం చుట్టూ తిరుగుతుంది. ముక్కు ఎడమకి వెళ్తే తోక కుడికి ఊగుతుంది. మలుపుల్లో ముక్కునే చూస్తూ ఉంటే తోక వెళ్ళి గట్టుకి తగులుతుంది. చుక్కాని తిప్పిన తర్వాత కొన్ని క్షణాల దాకా ఏమీ జరగదు. అప్పుడు ఇంకా తిప్పకూడదు, ఆగాలి. కొంచెం తిప్పు, ఆగు, చూడు. ఇంతే విద్య.

బ్రేకులుండవు. ఆపాలంటే రివర్స్ వేయాలి, రివర్స్‌లో చుక్కాని దాదాపు పనిచేయదు. కాబట్టి అంతా ముందుగానే ఆలోచించాలి. ఎదురు బోటు వస్తే ఎవరి కుడికి వాళ్ళు జరగాలి, అంటే ఇక్కడి రోడ్డు పద్ధతికి వ్యతిరేకం. ఇరుకు వంతెనకి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు ముందు వెళ్తారు.

గరిష్ట వేగం గంటకి 4 మైళ్ళు. చాలా చోట్ల అంత కూడా పోకూడదు. కట్టేసి ఉన్న బోట్ల పక్కన ఇంకా తగ్గించాలి. మన బోటు కదలికకి నీళ్ళు లాగి వదులుతాయి, దాంతో వాళ్ళ తాళ్ళు కట్టిన మేకులు గట్టులోంచి ఊడి వచ్చేస్తాయి. చాలామందికి ఆ బోటే ఇల్లు. లోపల టీ కాచుకుంటూ ఉంటారు, పసిపిల్లలు నిద్రపోతూ ఉంటారు. ఇంటి పక్కనుంచి వెళ్తున్నామని గుర్తుంచుకోవాలి.

---

లండన్_లక్ష్మి | ఆదివారం, ఉదయం 10:40

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. మేము కిందటి వేసవిలో మిడ్‌లాండ్స్‌లో వారాంతానికి తీసుకున్నాం. ఉదయం నుంచి లాకులే లాకులు, అదే, బోటుని పై మట్టానికి ఎక్కించే, కింది మట్టానికి దించే తలుపుల గదులు. ఒకటి దాటితే ఇంకొకటి. మగవాళ్ళు ఒకరు నడుపుతుంటే మిగిలిన మేమంతా తలుపులు తొయ్యడం, హ్యాండిల్ తిప్పడం. సాయంత్రానికి చేతులు పడిపోయాయి. మధ్యలో వాన. మా అమ్మాయికి పదమూడేళ్ళు, ఫోన్ సిగ్నల్ లేదని మొహం మాడ్చుకుని కూర్చుంది. డబ్బు కూడా తక్కువేం కాదు, అదే ఖర్చుకి మంచి హోటల్లో ఉండొచ్చు. తీరిగ్గా గడపడానికి వెళ్ళి అలసిపోయి వచ్చాం.

---

బర్మింగ్‌హామ్_బాబ్జీ | ఆదివారం, ఉదయం 11:10

లక్ష్మి గారూ, మీరు చెప్పింది పూర్తిగా నిజం. కానీ అది కాలువ తప్పు కాదు, మీకు ఆ రూటు ఇచ్చినవాళ్ళు ముందే లెక్క చెప్పి ఉండాల్సింది.

బోట్లవాళ్ళు వాడే లెక్క ఒకటుంది. మీ దారిలో ఎన్ని మైళ్ళో, ఎన్ని లాకులో రెండూ కలపండి. వచ్చినదాన్ని మూడుతో భాగిస్తే ఎన్ని గంటలో తెలుస్తుంది. 6 మైళ్ళు, 12 లాకులు ఉంటే మొత్తం 18, అంటే 6 గంటలు. మ్యాపులో 6 మైళ్ళే కదా అని బయలుదేరితే చీకటి పడుతుంది. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి చీకటి భయం తక్కువ, కానీ ఒళ్ళు అలిసిపోతుంది.

పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు లాకులు లేని దారి ఎంచుకోవాలి. శ్రీలత గారు వెళ్ళిన ట్రెవర్ నుంచి చిర్క్ దారిలో ఒక్క లాకు కూడా లేదు. రెండు అక్విడక్టులు, రెండు సొరంగాలు ఉన్నాయి. పని తక్కువ, చూసేది ఎక్కువ. అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేనూ దాన్నే చెప్తాను.

---

కాలువగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నేను రాజమండ్రి నుంచి. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. యూకే ఎప్పుడూ రాలేదు, కానీ శ్రీలతమ్మ రాసిన ఆ అక్విడక్టు గురించి చదువుకునే రోజుల నుంచీ తెలుసు. చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

దాన్ని థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కట్టారు. 1805లో తెరిచారు. అంత ఎత్తున రాతితో, బంకమట్టితో మామూలు పద్ధతిలో కాలువ కడితే ఆ బరువుకి స్తంభాలు ఎంతో లావుగా కట్టాల్సి వచ్చేది. వాళ్ళు పోత ఇనుప పలకల్ని బోల్టులతో కలిపి తొట్టి చేసి, సన్నటి రాతి స్తంభాల మీద కూర్చోబెట్టారు. స్తంభాలు పైభాగంలో లోపల డొల్లగా ఉంటాయి, బరువు తగ్గడానికి. రెండు వందల ఏళ్ళు దాటినా అదే తొట్టిలో బోట్లు తిరుగుతున్నాయి. 2009లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది.

అమ్మగారు భయపడ్డారని రాశావు. ఆవిడకి ఈ మాట చెప్పు: తేలే బోటు తన బరువుకి సమానమైన నీటిని పక్కకి తోస్తుంది. కాబట్టి బోటు ఎక్కినా ఎక్కకపోయినా ఆ వంతెన మీద బరువు ఒక్కటే. రోడ్డు వంతెన మీద లారీ వెళ్తే బరువు పెరుగుతుంది, ఇక్కడ పెరగదు. ఎంత అందమైన విషయమో చూడు.

ఇంకొకటి. ఆ కాలువలో నీళ్ళు నిలవవు, పారుతాయి. లాంగోలెన్ పైన హార్స్‌షూ ఫాల్స్ అని టెల్ఫర్డ్ కట్టించిన చిన్న ఆనకట్ట ఉంది. అక్కడ డీ నది నీళ్ళు కాలువలోకి తిరుగుతాయి. ఆ నీళ్ళు చివరికి హర్ల్‌స్టన్ రిజర్వాయర్‌కి చేరి తాగునీరవుతాయి. 1944లో ఆ కాలువని పడవల రాకపోకలకి చట్టప్రకారం మూసేశారు. అయినా పూడ్చకుండా బతికిందంటే ఈ నీటి సరఫరా వల్లే. మన దగ్గరా అంతే కదా, పడవలు పోయినా సాగునీటి కోసం కాలువలు నిలిచాయి.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. కాటన్ దొర ఆ కాలువల్ని పొలాలకి మాత్రమే అనుకోలేదు. సరుకు రవాణాకి రైళ్ళ కంటే కాలువలే మేలని జీవితాంతం వాదించాడు. అందుకే డెల్టా ప్రధాన కాలువలన్నిటికీ లాకులు కట్టారు. కాకినాడ నుంచి ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా పడవలో పోయే దారి ఉండేది. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించిన పాత అక్విడక్టు 1850లలో కట్టిందే. శ్రీలతా, మీ నాన్నగారిది కోనసీమ అయితే ఆయనకి అది తప్పకుండా తెలిసే ఉంటుంది.

---

శ్రీలత_చెస్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:00

బాబాయి గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. మాది అమలాపురం దగ్గర. "గన్నవరం అక్విడక్టు మీద నుంచి ఎన్నిసార్లు నడిచానో" అన్నారు. బోటు బరువు సంగతి అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. ఆవిడ "అయితే ఇంకోసారి ఎక్కుదాం" అంది.

మొదటి పోస్టులో రాయని విషయం ఒకటి ఇప్పుడు రాస్తాను. తిరుగు ప్రయాణంలో నాన్న చుక్కాని పట్టుకున్నారు. ముందు వద్దన్నారు. పట్టుకున్నాక ఇక ఇవ్వలేదు. నడుపుతూ చిన్నప్పటి గూటిపడవల గురించి చెప్పారు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు వేసుకుని వెళ్ళేవట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారట. రాత్రి పడవలోనే వంట, పడవలోనే పడక. లాకు దగ్గర వరసలో ఆగినప్పుడు వేరే పడవలవాళ్ళతో కబుర్లు. నాకు ఇంత వయసు వచ్చాక మొదటిసారి వింటున్నాను ఇవన్నీ. కారులో అయితే ఎప్పుడూ చెప్పలేదు. కారులో నేను రోడ్డు చూస్తాను, ఆయన నిద్రపోతారు.

---

నెమలీక | ఆదివారం, సాయంత్రం 4:45

మాంచెస్టర్ నుంచి. శ్రీలతక్కా, మీ నాన్నగారి మాటలకి ఇక్కడి చరిత్ర సరిగ్గా జతపడుతుంది.

1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచారు. వర్స్‌లీ గనుల నుంచి మాంచెస్టర్‌కి బొగ్గు రావడానికి. నగరంలో బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. దానికి ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. తర్వాత ఆయన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి లాకుల్ని సుమారు 7 అడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవు ఉండేలా కట్టించాడు. నీళ్ళు, ఖర్చు ఆదా అవుతాయని. ఈ బోట్లు ఇంత సన్నగా, ఇంత పొడుగ్గా ఉండడానికి కారణం అదే.

ఒక గుర్రం గట్టు మీద నడుస్తూ పాతిక ముప్పై టన్నుల సరుకు లాగేది. పాత వంతెనల కింద మూలల్లో చూడండి, రాతికి, ఇనుప పట్టీలకి లోతుగా గాట్లు ఉంటాయి. దశాబ్దాల పాటు తాళ్ళు రాసుకుని పడినవి. బాట లేని సొరంగాల్లో గుర్రాన్ని కొండ మీదుగా నడిపించి, మనుషులు బోటు మీద పడుకుని కాళ్ళతో గోడలు తన్నుకుంటూ బోటుని ముందుకి తోసేవారు. మీరు వెళ్ళిన చిర్క్ సొరంగంలో బాట ఉంది కాబట్టి అక్కడ ఆ బాధ ఉండేది కాదు.

రైళ్ళు వచ్చాక పోటీకి తట్టుకోలేక చాలామంది బోటువాళ్ళు గట్టు మీద ఇల్లు వదిలేసి భార్యాపిల్లలతో బోటు మీదకే మారిపోయారు. వెనక చిన్న గదిలో సంసారం మొత్తం. పిల్లలకి బడి లేదు. ఆ చిన్న గదుల్ని గులాబీలు, కోటల బొమ్మలతో రంగులు వేసి ఎంత బాగా ఉంచుకునేవారో మ్యూజియంలో చూశాను. ఇప్పుడు అద్దె బోట్ల మీద, నీళ్ళ డబ్బాల మీద కనిపించే గులాబీలు ఆ ఇళ్ళ నుంచి వచ్చినవే. మనం సెలవుకి ఎక్కుతున్న బోటు మీద ఒకప్పుడు కుటుంబాలు రోజుకి పద్దెనిమిది గంటలు కూడా పనిచేసేవి. ఇది తెలిసి ఎక్కితే ఆ గాట్లని వేరేగా చూస్తాం.

1948లో కాలువల్లో ఎక్కువ భాగం ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1962-63 శీతాకాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి, మిగిలిన సరుకు రవాణా కూడా దాదాపు ఆగిపోయింది. అప్పటికే 1946 నుంచి ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ వాళ్ళు కాలువల్ని పూడ్చొద్దని పోరాడుతున్నారు. చెత్త నిండిన కాలువల్లోకి వాలంటీర్లు దిగి పారలతో తవ్వి తెరిచారు. ఈ రోజు మన పిల్లలు బాతులకి మేత వేస్తున్నారంటే వాళ్ళ చలవే.

---

లండన్_లక్ష్మి | ఆదివారం, సాయంత్రం 6:10

నెమలీక గారూ, చాలా బాగా రాశారు. మా అమ్మాయికి చదివి వినిపించాను, తన్నుకుంటూ సొరంగం దాటడం దగ్గర ఫోన్ పక్కన పెట్టింది.

సరే, ఇంకోసారి చూస్తాం. కానీ లండన్ నుంచి వేల్స్ దాకా ఒక్క రోజుకి రాలేం. ఇక్కడ దగ్గర్లో ఏమైనా ఉందా?

---

బర్మింగ్‌హామ్_బాబ్జీ | ఆదివారం, సాయంత్రం 7:00

లక్ష్మి గారూ, మొదట రీజెంట్స్ కాలువలో లిటిల్ వెనిస్ నుంచి కామ్‌డెన్ దాకా వెళ్ళే పడవ ఎక్కండి. వాళ్ళే నడుపుతారు, టికెట్ కొని కూర్చోవడమే. 1820లో పూర్తయిన కాలువ. మెయిడా హిల్ సొరంగం, తర్వాత రీజెంట్స్ పార్క్, జూ పక్కనుంచి వెళ్తుంది. అమ్మాయికి నచ్చిందో లేదో తెలుస్తుంది, ఖర్చు తక్కువ.

సొంతంగా నడపాలనుకుంటే కెనెట్ అండ్ ఏవన్ కాలువ. బాత్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ మధ్య భాగం. జాన్ రెనీ కట్టిన డండస్ అక్విడక్టు దారిలో వస్తుంది, తేనె రంగు రాయి, ఎండలో చూడాలి దాన్ని. అది వెడల్పు కాలువ కాబట్టి కొత్తవాళ్ళకి కాస్త ధైర్యంగా ఉంటుంది. రవి గారికి కూడా రెడింగ్ నుంచి అదే దగ్గర. కానీ వేసవిలో అక్కడ గట్టు పొడవునా కట్టేసిన బోట్లు ఎక్కువ, చాలాసేపు నెమ్మదిగానే పోవాలి. డెవైజెస్ దగ్గర కేన్ హిల్‌లో 29 లాకులు ఉంటాయి, అక్కడికి బోటులో వెళ్ళకండి, నడిచి వెళ్ళి పైనుంచి చూడండి!

---

బాపట్ల_రవి | ఆదివారం, సాయంత్రం 7:40

బాబ్జీ గారూ, మా తొమ్మిదేళ్ళవాడికి ఒక్క లాకైనా చూపించాలని ఉంది. ఎలా పనిచేస్తుందో వాడికి చెప్పడానికి తేలిగ్గా రాస్తారా? భోజనాల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. అత్తగారు బయటి తిండి ముట్టరు.

---

కాలువగట్టు | ఆదివారం, రాత్రి 8:20

రవీ, ఇది నేను చెప్తాను. రెండు జతల తలుపులున్న రాతి గది అనుకోమను. పై కాలువ ఎత్తులో ఉంది, కింది కాలువ పల్లంలో ఉంది. పడవ కింద నుంచి గదిలోకి వచ్చింది, వెనక తలుపులు మూశారు. ఇప్పుడు పై వైపు షట్టర్లు కొంచెం కొంచెంగా ఎత్తితే పైనున్న నీళ్ళు గదిలోకి వస్తాయి, పడవ వాటితోపాటు లేస్తుంది. నీటి మట్టం పై కాలువతో సమానమయ్యాక పై తలుపులు తెరుచుకుంటాయి. మోటారు లేదు, పంపు లేదు. నీళ్ళు పల్లానికి పోతాయన్న ఒక్క సూత్రం. తలుపులు నీళ్ళు వచ్చే వైపుకి కోణంగా కలుస్తాయి, అందుకని నీళ్ళు తోసేకొద్దీ ఇంకా గట్టిగా బిగుస్తాయి. మట్టం సమానం కాకముందు పదిమంది తోసినా తెరుచుకోవు. ధవళేశ్వరం లాకు తలుపులూ ఇంతే.

---

బర్మింగ్‌హామ్_బాబ్జీ | ఆదివారం, రాత్రి 8:45

బాబాయి గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త కలుపుతాను. పైనుంచి కిందికి దిగేటప్పుడు పై తలుపుల దగ్గర నీళ్ళలో రాతి మెట్టు ఉంటుంది. నీళ్ళు తగ్గేకొద్దీ బయటపడుతుంది. బోటు తోక దాని మీద చిక్కుకుంటే ముక్కు కిందికి ఒరిగి బోటు మునిగిపోతుంది. గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది, బోటు దానికి ముందే ఉండాలి. ఒకరి కన్ను ఎప్పుడూ దాని మీదే ఉండాలి. ఏ మాత్రం అనుమానం వచ్చినా షట్టర్లు దించెయ్యాలి.

ఇరుకు లాకు ఒకసారి నింపితే లక్ష లీటర్లకి పైనే నీళ్ళు పోతాయి. అందుకే ఎదురుగా బోటు వస్తూ కనిపించి, లాకులో నీటి మట్టం వాళ్ళ వైపుకి సరిపోయి ఉంటే ఆగి, వాళ్ళని ముందు వాడుకోనివ్వడం ఇక్కడి మర్యాద.

---

పద్మ_వంటిల్లు | ఆదివారం, రాత్రి 9:15

భోజనాల గురించి నేను చెప్తాను రవి గారూ. మేము అత్తయ్యగారితో వెళ్ళాం. పులిహోర, దద్దోజనం, ఆవకాయ ముక్క, వేయించిన వడియాలు. చేతిలో కంచం పట్టుకుని తినేవే పెట్టుకోండి, కూరలు రసాలు వద్దు. మేము తీసుకున్న బోటులో చిన్న స్టవ్, కెటిల్ ఉన్నాయి, టాయిలెట్ కూడా ఉంది. మీరు బుక్ చేసేటప్పుడు అడిగి తెలుసుకోండి. కాఫీ పొడి, ఫిల్టర్ తీసుకెళ్ళండి. కాలువ మధ్యలో ఫిల్టర్ కాఫీ తాగుతుంటే మా అత్తయ్య మొహం చూడాలి.

కదిలే బోటులో స్టవ్ మీద నూనె పెట్టకండి. గట్టుకి తగిలితే గట్టిగా కుదుపు వస్తుంది. పాత్రలు కడిగిన నీళ్ళు కాలువలోకే పోతాయి, కాబట్టి నూనె జిడ్డు టిష్యూతో తుడిచేసి కడగండి. అన్నం బాతులకి కుప్పలుగా వెయ్యనివ్వకండి, నీళ్ళు పాడవుతాయి.

వేసవి అన్నా పలచటి స్వెటర్, వాన కోటు ఉండాలి. నిలబడి నడిపేవాళ్ళకి పైకప్పు ఉండదు.

---

బాపట్ల_రవి | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ థాంక్స్. మామగారితో ఇప్పుడే వీడియో కాల్‌లో మాట్లాడాను. ఆయన సందేహం: మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అక్కడ వేసవిలో నీళ్ళు ఎలా ఉంటాయి అని. నాకు జవాబు తెలియలేదు.

మా ప్లాన్ ఇది: ఒక రాత్రి చెస్టర్ వైపు ఉండి, పొద్దున్నే ట్రెవర్. ఒకే రోజులో ఇటు చిర్క్, అటు లాంగోలెన్ రెండూ చేద్దామనుకుంటున్నాను.

---

కాలువగట్టు | సోమవారం, ఉదయం 6:30

మీ మామగారు మంచి ప్రశ్న అడిగారు. మనకి వేసవిలో గోదావరిలో నీళ్ళు తగ్గుతాయి, రబీ పంట కోతకి వస్తుంది, కాబట్టి అప్పుడే కాలువలు కట్టేసి పూడిక తీస్తాం, లాకులు, షట్టర్లు బాగు చేస్తాం. జూన్‌లో మళ్ళీ వదులుతాం. వాళ్ళకి వేసవిలోనే పడవల గిరాకీ. అందుకే కాలువ ఖాళీ చేసే పెద్ద మరమ్మతులన్నీ చలికాలంలో పెట్టుకుంటారు. కొండల మీద రిజర్వాయర్లలో చలికాలపు వాన నీళ్ళు దాచి వేసవిలో కాలువలకి వదులుతారు. బాగా ఎండిన ఏడు వాళ్ళూ లాకులు మూస్తారు. లాంగోలెన్‌కి నది నుంచి నేరుగా నీళ్ళు కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ.

---

శ్రీలత_చెస్టర్ | సోమవారం, ఉదయం 7:15

రవి గారూ, రెండు వైపులా ఒకే రోజులో వద్దు. మామగారిని కూర్చోబెట్టి గడియారం చూసుకుంటూ తిప్పినట్టవుతుంది. చిర్క్ వైపు మాత్రమే వెళ్ళండి. లాంగోలెన్ ఊరికి మర్నాడు కారులో వెళ్ళి, అక్కడ గుర్రం లాగే బోటు ఎక్కించండి, పిల్లలకి బాగుంటుంది. ఆ ఊరి దగ్గర కాలువ చాలా ఇరుకు. కొన్ని చోట్ల ఒక్క బోటే పడుతుంది, ముందు ఒక మనిషి నడిచి వెళ్ళి ఎదురు ఎవరూ లేరని చూసి రావాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, బాబాయి గారు చెప్పిన ప్రవాహం. చిర్క్ వైపు నీళ్ళు మనతో వస్తాయి, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు. సొరంగాల్లో, అక్విడక్టు మీద బోటుకీ గోడకీ మధ్య సందు తక్కువ, అక్కడ ఎదురు నీళ్ళకి బోటు బాగా నెమ్మదిస్తుంది. ఇంజన్ ఎక్కువ తిప్పినా లాభం ఉండదు. వెళ్ళడానికి రెండు గంటలు పడితే రావడానికి రెండున్నర వేసుకోండి. సొరంగంలోకి వెళ్ళే ముందు అవతల లైటు కనిపిస్తుందేమో చూడండి, కనిపిస్తే ఆగండి.

వీలైతే వారం మధ్యలో రండి. శనాదివారాల్లో అక్విడక్టు దగ్గర బోట్ల వరస ఉంటుంది, ధర కూడా ఎక్కువ.

---

బాపట్ల_రవి | సోమవారం, మధ్యాహ్నం 1:05

ఆగస్టు రెండో వారం, బుధవారం, చిర్క్ వైపు మాత్రమే. బుక్ చేసేశాను. ముందు మెట్ల ఎత్తు అడిగాను, చేతికి పట్టుకోవడానికి కడ్డీ ఉందన్నారు. పద్మ గారూ, ఫిల్టర్ సామాన్ల లిస్టులో రాసుకున్నాం. మామగారు చుక్కాని తనకే ఇవ్వాలని ఇప్పటి నుంచే చెప్తున్నారు.

---

లండన్_లక్ష్మి | సోమవారం, మధ్యాహ్నం 1:30

మేము ఈ శనివారం లిటిల్ వెనిస్ వెళ్తున్నాం. ఇంకెవరైనా లండన్‌లో ఉన్నవాళ్ళు వస్తారా? పదకొండింటికి కాలువ పక్కన కలుద్దాం, పులిహోర నేను తెస్తాను.